శోకమూ, సొంత ఇల్లూ

దుఃఖం ఎవరిది వారిదే అన్న మాట మన సాహిత్యంలో ఒక సిద్ధాంతంగా చెలామణి అవుతున్నది. శోకం వ్యక్తి హృదయంలో పుడుతుందనీ, అక్కడే పండుతుందనీ, అక్కడే చల్లారుతుందనీ, సంఘం చేయవలసిందల్లా మర్యాదగా దూరాన నిలబడి తలవంచుకోవడమేననీ ఈ సిద్ధాంతసారం. కవులు దీనికి కావలసినంత సొగసు సమకూర్చారు. వైద్యులు ఇప్పుడిప్పుడే శాస్త్రం సమకూరుస్తున్నారు. ఇళ్ళ యజమానులకు మాత్రం సొగసుతోనూ శాస్త్రంతోనూ పనిలేదు. వారు ఈ సిద్ధాంతాన్ని అమలు జరుపుతున్నారు.

ఎట్లా అమలు జరుపుతున్నారో చూడడానికి ముషీరాబాదులో గాంధీ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడితే చాలు. పాత జైలు వుండిన స్థలంలో కట్టిన ఆసుపత్రి అది. 2003లో సికిందరాబాదు నుంచి అక్కడికి తరలివచ్చింది. ఆ గేటులోంచి శవాన్ని తీసుకుని బయటికి వచ్చిన బీద కుటుంబం మొదట ఏడవదు. మొదట ఫోను చేస్తుంది. బంధువులకు కాదు, ఇంటి యజమానికి. చిక్కడపల్లి సందులోనో, భోలక్‌పూర్‌లోనో, అశోక్ నగర్ వెనక వీధిలోనో రెండు గదుల పోర్షన్‌లో పదేళ్ళుగా కాపురముంటున్నవారు, తమ మనిషిని తమ గదిలోకి తీసుకురావచ్చునా అని అడగవలసివస్తుంది. అవతలినుంచి జవాబు చాలా మెత్తగా వస్తుంది. "ఏమనుకోవద్దమ్మా, మాకూ బాధగానే వుంది. కాని పిల్లలున్న ఇల్లు. పైన అద్దెకున్నవాళ్ళు కూడా ఏమంటారో. ఊరికి తీసుకుపోతే బాగుంటుంది కదా."

అందరు యజమానులూ ఇట్లాగే అంటారని నేననడం లేదు. శవాన్ని ముంగిట్లో దింపించి, తానే షామియానా కట్టించి, వచ్చినవారికి టీ కాచి పోసిన యజమానులూ ఈ వీధుల్లో వున్నారు. కాని అది వారి మంచితనం. ఇవాళ వుండి రేపు లేకపోగల మంచితనం మీద ఆధారపడి ఒక మనిషి తన తండ్రి శవాన్ని ఎక్కడ పడుకోబెట్టాలో నిర్ణయించుకోవలసి రావడమే ఇక్కడ చర్చనీయాంశం. తెలంగాణ పట్నాల్లో అద్దె ఇంటివారి శవాన్ని గడప తొక్కనివ్వలేదనీ, ఇంటివాళ్ళు వీధిలో టెంటు కిందనో శ్మశానం గోడ పక్కనో రాత్రంతా కూర్చున్నారనీ పత్రికల్లో వార్తలు పదే పదే వస్తూనే వున్నవి. మానవత్వం మంటగలిసిందని శీర్షిక పెట్టి, యజమానిని నాలుగు తిట్టి, పత్రిక తన విధి ముగించుకుంటుంది. ఈ శీర్షికలో పొరపాటున్నది. ఇక్కడ పనిచేస్తున్నది మానవత్వమూ కాదు, దాని లోపమూ కాదు. ఆస్తి పనిచేస్తున్నది.

యజమాని మూఢుడని కొట్టిపారేయడం తేలిక. ఆ మూఢత్వానికి లెక్కాపత్రం వున్నదని మాత్రం మనం గమనించము. ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాలలో ఎవరైనా పోతే ఇల్లు పాడుపెట్టాలని పంచాంగం చెప్తుంది. దోషాన్నిబట్టి ఆరు నెలల దాకా. ధనిష్ఠా పంచకమంటే తెలుగుదేశంలో తెలియని ఇల్లు లేదు. సొంత ఇంటివాడు ఏం చేస్తాడు? శాంతి చేయించుకుంటాడు, లేదా ఆ ఒక్క గదికీ తాళం వేసి పక్క గదిలో పడుకుంటాడు. అద్దెలమీద బతికే యజమానికి ఆరు నెలలు పాడుపెట్టడమంటే ఆరు నెలల ఆదాయం పోవడం. ఆ తరవాత వచ్చేవాడు మెట్లెక్కకముందే ఇంట్లో ఎవరైనా పోయారా అని వాకబు చేస్తాడు. పోయారని తెలిస్తే వెనక్కు తిరుగుతాడు, లేదా అద్దె తగ్గించమంటాడు. కాబట్టి యజమాని నక్షత్రాన్ని చూసేది పంచాంగంలోనే కావచ్చు, లెక్క కట్టేది మాత్రం రూపాయల్లో.

పైగా ఈ యజమాని కోటీశ్వరుడు కాడు. చిక్కడపల్లి పాత వీధుల్లో ఇట్లాంటి వారు చాలామంది ఉద్యోగం విరమించిన గుమాస్తాలూ, ఉపాధ్యాయులూ. పింఛనుకు తోడు కింది పోర్షన్ అద్దె వస్తే మందుల ఖర్చు గడిచేవారు. సాయంకాలం త్యాగరాయ గానసభలో పాటకచేరీకో, పద్యనాటకానికో పోయి కూర్చునేవారు. నాటకంలో చంద్రమతి కొడుకు శవాన్ని ఒళ్ళో పెట్టుకుని కాటిలో కూర్చుంటే కళ్ళు తుడుచుకునేవారు. కాటి సుంకం చెల్లించనిదే దహనం కుదరదని హరిశ్చంద్రుడే ఆమెను అడ్డగించే ఘట్టంలో హాలంతా నిశ్శబ్దమైపోతుంది. అంతకుముందే పాము కరిచి కొడుకు అడవిలో పడివున్నాడని తెలిసినా, యజమాని ఇంటి చాకిరీ ముగిసేదాకా ఆమెకు సెలవు దొరకదు. మన ప్రేక్షకులు తరతరాలుగా ఈ నాటకం చూసి ఏడుస్తున్నారు; జాషువా పద్యాలు రంగస్థలంమీద ఆ కాటి సీనుకు మరింత బలమిచ్చినవి. శోకించడానికి సెలవు కావాలనీ, స్థలం కావాలనీ, డబ్బు కావాలనీ ఈ మూడు విషయాలూ ఆ కథలో వున్నవి. వాటిని వదిలిపెట్టి సత్యవ్రతం ఒక్కటే ఇంటికి తీసుకువెళ్ళడం మన రసికత.

ఇదే వీధిలో మరొక దృశ్యం కూడా వున్నది. సొంత ఇంట్లో పెద్దాయన పోతే అమెరికాలో వున్న కొడుకు విమానం దిగేదాకా రెండు రోజులో మూడు రోజులో శవాన్ని అద్దెకు తెచ్చిన ఫ్రీజర్ పెట్టెలో హాలు మధ్య వుంచుతారు. ఎవరూ మైల అనరు. పిల్లలున్న ఇల్లనీ అనరు. కింది పోర్షన్ వాళ్ళు తప్పకుండా పైకి వచ్చి పూలు వేసి పోతారు. మైల శవానికి అంటుకుని వుండేదయితే అది రెండు శవాలకూ సమానంగా అంటాలి కదా! ఒకటి మూడు రోజులు ఇంట్లో వుండవచ్చు, ఒకటి మూడు గంటలు కూడా వుండరాదు అంటే, ఈ మైల రిజిస్టరు దస్తావేజు చదవగలిగిన మైల అన్నమాట.

దస్తావేజు సంగతి వచ్చింది గనుక కిరాయి కాగితాన్నీ చూద్దాం. మన పట్నంలో అద్దె ఒప్పందాలు 11 నెలలకు రాసుకుంటారు. ఏడాదికి మించిన కౌలుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి గనుక, ఆ ఖర్చూ ఆ బెడదా లేకుండా ఇదొక ఉపాయం. మన ఆచారమేమో మనిషి పోయిన ఇంటికి సంవత్సరీకం దాకా గడువిచ్చింది. ఆ ఏడాది ఆ ఇంట్లో పండుగ చేయరు. నెలనెలా మాసికం పెడతారు. పలకరించడానికి వచ్చేవాళ్ళు వస్తూనే వుంటారు. ఆచారం ప్రకారం శోకానికి 12 నెలలు, కాగితం ప్రకారం కాపురానికి 11. ఆ ఆఖరు నెల ఎక్కడ ఏడవాలో ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు.

చట్టం చేతులు కట్టుకుని కూర్చున్నదని అనడానికి వీలులేదు. అద్దె ఇంట్లోంచి వెళ్ళగొట్టడానికి ఏ ఏ కారణాలు చెల్లుతాయో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం రాసిపెట్టింది: అద్దె ఎగవేయడం, ఇంకొకరికి కిరాయికివ్వడం, ఇంటిని పాడుచేయడం, యజమానికి సొంత అవసరం పడడం, ఇట్లాంటివి. చావు అందులో లేదు. కాని తరవాతి సవరణలతో అద్దె ఎక్కువున్న ఇళ్ళు ఆ చట్టం పరిధి దాటిపోయినవి. మనిషి మర్యాద అతని మృతదేహానికి కూడా వర్తిస్తుందని 1995లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చాలా మంచి మాట. కాని అంబులెన్సు వీధి మొగలో ఆగి డ్రైవరు తొందరపెడుతున్నప్పుడు ఆ తీర్పును ఎవరు ఎవరికి చదివి వినిపించాలి?

"ఊరికి తీసుకుపోండి" అన్న మాట ఇంకా విచిత్రమైనది. పట్నంలో అద్దెకుండేవాడికి ఎక్కడో ఒక ఊరు వుండితీరుతుందని యజమానే కాదు, ప్రభుత్వం కూడా నమ్ముతున్నది. 2016లో ఆసుపత్రుల నుంచి శవాలను ఊళ్ళకు చేర్చే ఉచిత వాహనాలు ప్రవేశపెట్టారు. 2019 నుంచి పల్లె ప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. రెండూ మెచ్చుకోదగ్గ పనులే. అంతకుముందు శవాన్ని భుజాన మోసుకుపోయినవాళ్ళూ, ఆటోలో కుక్కి తీసుకుపోయినవాళ్ళూ ఈ దేశంలో వున్నారు. కాని నల్లగొండ నుంచో, పాలమూరు నుంచో తాత తండ్రుల నాడే కూలికి వచ్చి, ఊళ్ళో వున్న పెంకుటిల్లు అప్పుకింద పోగొట్టుకున్నవాడికి ఊరెక్కడిది? బతికినంతకాలం ఓటరు జాబితాలో ముషీరాబాదు వాడు. చచ్చిన మరుక్షణం పరాయి ఊరివాడు.

ఇక్కడ మన హేతువాద మిత్రులొకరు అడ్డు తగులుతారు. శవాన్ని ఇంటికి తేవడమెందుకు, ఈ పది రోజుల తతంగమెందుకు, ఆసుపత్రి నుంచి నేరుగా బన్సీలాల్‌పేట శ్మశానానికి తీసుకుపోయి గంటలో ముగించి మర్నాడు పనిలోకి పోతే మైలా వుండదు, తగాదా వుండదు గదా అంటారు. మైల అబద్ధమన్నంతవరకు వారితో నాకు పేచీ లేదు. కాని వారు మైలనూ శోకాన్నీ ఒకే మూటగట్టి పారేస్తున్నారు. పురోహితుడిని తీసివేయవచ్చు. పురోహితుడి చుట్టూ కూర్చున్న పదిమందిని కూడా తీసివేస్తే మిగిలేది ఎవరు? ఖాళీ గదిలో ఒక విధవరాలూ, రేపటి డ్యూటీకి వేళయిపోతుందేమోనని గడియారం చూసుకునే ఒక కొడుకూ. ఈ ఫలితమే ఫ్యాక్టరీ యజమానికీ, దుకాణదారుకీ కూడా కావాలి. మన దేశంలో ప్రైవేటు కొలువుల్లో పనిచేసేవారికి ఇంట్లో చావు జరిగితే జీతంతో సెలవు ఇచ్చితీరాలని నిర్బంధించే కేంద్ర చట్టం లేదు. తలిదండ్రులుగాని, భార్యాభర్తలుగాని, బిడ్డలుగాని పోతే వియత్నాం కార్మిక చట్టం మూడు రోజులు జీతంతో సెలవిస్తుంది. హేతువాద మిత్రుడు తెలియకుండానే మేనేజరు మాట మాట్లాడుతున్నాడు.

పాత ఊళ్ళో ఆ పది రోజుల్లో ఏం జరిగేదో కొంచెం నిదానించి చూడాలి. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు; ఇరుగుపొరుగులూ, చుట్టాలూ అన్నం తెస్తారు. ఆడవాళ్ళు వచ్చి మెడలు పట్టుకుని శోకాలు పెట్టి ఏడుస్తారు. ఆ ఏడుపులో పోయినవాడి చరిత్ర అంతా వస్తుంది: ఏ ఏట కరువు పడింది, ఏ పంటకు ఏ అప్పు చేశాడు, ఏ బిడ్డ పెళ్ళికి ఎవరిని బతిమాలాడు. పుస్తకంలోకి ఎక్కని మనిషికి అదే జీవితచరిత్ర. మూడోనాడు పిట్టకు పెడతారు. దినాలయిన తరవాత చుట్టాలు ఇంటివాళ్ళను తమ ఇంటికి నిద్రకు తీసుకుపోతారు. ఈ నిద్ర అన్న ఆచారాన్ని కనిపెట్టినవారెవరోగాని వారికి మనిషి సంగతి బాగా తెలుసు. చావు జరిగిన ఇంట్లో నిద్ర పట్టదు. ఇంకొక ఇంట్లో, ఇంకొకరి కప్పు కింద, పక్కన మనుషుల ఊపిరి వినపడుతుండగా ఒక్క రాత్రి పడుకోబెట్టాలి. ఇందులో దేవుడి ప్రసక్తి ఎక్కడున్నది? ఇది ఒక సామాజిక వైద్యం.

అయితే పాత ఊరిని స్వర్గం చేసి చూపించే పనికి నేను పూనుకోలేదు. ఆ ఉమ్మడి శోకాన్ని భుజాన మోసినవారెవరు? చావు కబురు పట్టుకుని ఎండలో పదిమైళ్ళు నడిచిపోయినవాడు వెట్టివాడు. శవం ముందు డప్పు కొట్టినవాడు మాదిగ. మైల బట్టలు ఉతికినది చాకలి. తలలు గొరిగినవాడు మంగలి. ఊరు చేసిన పరామర్శకు కూలి కొందరికి గింజల్లో ముట్టింది, కొందరికి అదీ ముట్టలేదు. తమ ఇంట్లో చావు జరిగినా ఆ ఊరి కాట్లో వారికి చోటు లేదు. దొర గడీలో చావు జరిగితే ఊరంతా ఏడవాలి; కూలివాడి గుడిసెలో చావు జరిగితే మర్నాడు నాగలి ఆగరాదు. నిజాం రాజ్యంలో వెట్టికి వ్యతిరేకంగా లేచిన తెలంగాణ ప్రజలు ఈ చావు చాకిరీని కూడా వదిలించుకున్నారు. మంచిపని చేశారు. వెట్టి పోయింది, ఉమ్మడి బాధ్యత దానితోపాటే పోనవసరంలేదు. కాని పట్నంలో అదే జరిగింది. ఊరి ఆచారంలోని ఓదార్పు ఊళ్ళోనే వుండిపోయింది. అందులోని అంటు మాత్రం లగేజీతోపాటు చిక్కడపల్లి చేరి కిరాయి గదుల తలుపులమీద కూర్చున్నది.

ముషీరాబాదు ముస్లిం గల్లీల్లో పరిస్థితి కొంత నయం. అక్కడ శవానికి అంటు లేదు. చావు ఇంటికి ఇరుగుపొరుగులు అన్నం పంపడం ధర్మంలో భాగం. మూడోనాడు జియారత్‌కు గల్లీ అంతా వస్తుంది. కాని అక్కడ కూడా ఆస్తి తన మాట చెప్పనే చెప్తుంది. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించాలనీ, ఆ గడువంతా భర్త ఇంట్లోనే వుండాలనీ నియమం. ఇల్లు భర్తది కాకపోతే? సంపాదించే మనిషి పోయి రెండు నెలల అద్దె బాకీ పడితే? నియమాన్ని యజమాని రద్దు చేస్తాడు. నారాయణగూడ క్రైస్తవ శ్మశానంలో అయితే చోటు ఇరుకై, ఒకే కుటుంబపు సమాధిలో తరవాతివారిని కూడా పెట్టుకోవలసిన స్థితి వచ్చింది. మతాలు మూడు, చిక్కు ఒక్కటే.

శాస్త్రం ఏమంటుందో కూడా వినాలి. 1912లో దుర్ఖీం అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు, ఏడుపు హృదయంలోంచి దానంతటది పొంగివచ్చేది కాదనీ, సమూహం తన సభ్యులమీద మోపే విధి అనీ అన్నాడు. మన భావకవులు వింటే మూర్ఛపోదురు. 1969లో పార్క్స్ అనే ఆంగ్ల వైద్యుడూ అతని సహచరులూ భార్యలను పోగొట్టుకున్న 4,486 మంది పురుషుల లెక్క తీశారు. అందరూ 55 ఏళ్ళు, ఆ పైబడినవారు. మొదటి ఆరు నెలల్లోనే 213 మంది చనిపోయారు. అదే వయసులో భార్యలు బతికివున్నవారి మరణాలతో పోల్చితే ఇది 40 శాతం ఎక్కువ. పెరిగినవాటిలో గుండెజబ్బుల చావులది పెద్దభాగం. గుండె పగిలిందన్న మాట మనం ఉపమానంగా వాడుతున్నాం. అది జనాభా లెక్కల్లో కనిపిస్తున్నది. ఇంత తెలిసిన తరవాత శాస్త్రం శోకానికి గడువు కూడా పెట్టింది. 2022లో అమెరికా మానసిక వైద్యులు ఏడాది దాటినా విడవని తీవ్రశోకాన్ని ఒక వ్యాధిగా తమ గ్రంథంలో చేర్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఆ గడువు ఆరు నెలలే. నిజంగా తేరుకోలేక కుమిలిపోతున్నవారికి ఈ పేరువల్ల వైద్యం దొరికితే సంతోషమే. ఆయా సమాజాల ఆచారాన్ని దృష్టిలో పెట్టుకోవాలని వారూ అన్నారు. కాని ఆ ప్రశ్నల జాబితాలో నమ్మకం కుదురుతున్నదా, బతుకు శూన్యమనిపిస్తున్నదా అని వున్నది గాని, శవాన్ని ఎక్కడ వుంచారు, ఎన్నాళ్ళ సెలవు దొరికింది, ఇంటి అద్దె కట్టారా అని లేదు. తేరుకోలేనితనానికి కారణం రోగి తలలోనే వుండాలని ముందే తీర్మానించుకుంటే ఆ ప్రశ్నలు ఎట్లా వస్తాయి?

2020లో కొన్ని నెలలపాటు సొంత ఇళ్ళవారికి కూడా అద్దె ఇంటివారి అనుభవం కలిగింది. ఆ ఏడాది గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్ చికిత్సకే కేటాయించారు. లోపలికి పోయిన మనిషి మళ్ళీ కనపడలేదు. ముఖం చూపించకుండానే దహనమో ఖననమో జరిగిపోయిన సందర్భాలు ఎన్నో. అంత్యక్రియలకు 20 మందికి మించరాదని కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. ఆ ఇరవైమందిలో ఎవరుండాలో తేల్చుకోలేక తగవులాడుకున్న కుటుంబాలున్నవి. ఆ ఇరవైమందైనా రాని శవాలున్నవి. అపార్టుమెంట్ల వారూ, బంగళాల వారూ అప్పుడు మొదటిసారిగా, కడచూపు లేని చావు ఎంతకాలం వెంటాడుతుందో చెప్పుకుని వాపోయారు, వ్యాసాలు రాశారు. రోగం తగ్గింది. వ్యాసాలూ తగ్గినవి. అదే చావును రోగం లేకుండానే అనుభవిస్తున్న కింది పోర్షన్ల వారిని గురించి మళ్ళీ ఎవరికీ గుర్తు రాలేదు.

అశోక్ నగర్‌లో ఇంకొక రకం శోకం వున్నది. దానికి శవం కూడా దగ్గరలో వుండదు. పోటీ పరీక్షలకు చదువుకోవడానికి జిల్లాలనుంచి వచ్చిన యువతీయువకులు ఇరుకు హాస్టలు గదుల్లో వుంటూ, పగలంతా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చుంటారు. ఊళ్ళో తండ్రి పోయినట్టు కబురొస్తుంది. వెళ్తారు, అయిదో రోజుకో పన్నెండో రోజుకో తిరిగి వస్తారు. గుండు చూసి పక్కవాడు అడిగితే అడిగినట్టు, లేకపోతే లేదు. ఒక్కొక్క నోటిఫికేషన్‌కు వాయిదా మీద వాయిదా పడుతున్న కాలంలో ఏడవడం కూడా సిలబస్‌లో లేని విషయమైపోయింది. 1886లో చెహోవ్ రాసిన కథలో పీటర్సుబర్గు బండివాడు అయోనా తన కొడుకు పోయిన సంగతి ఎక్కినవాడికల్లా చెప్పబోతాడు. ఎవరూ వినరు. చివరికి గుర్రంతో చెప్పుకుంటాడు. మన విమర్శకులు ఈ కథను ఒంటరితనపు కథ అంటారు. నాకది కిరాయి కథ. బండిలో కూర్చున్నవాడు బండివాడి సమయాన్ని కొన్నాడు. కొన్న సమయంలో అమ్మినవాడి కొడుకు చావుకు చోటు లేదు.

2023 అక్టోబరులో అశోక్ నగర్‌లో పరీక్షలకు చదువుకుంటున్న ఒకరు హాస్టలులో ప్రాణం తీసుకున్నప్పుడు, ఆ రాత్రి వేలమంది అభ్యర్థులు రోడ్డుమీదికి వచ్చి కూర్చున్నారు. పరీక్షల వాయిదాలే కారణమని ఒక పక్షం, సొంత వ్యవహారమే కారణమని ఇంకొక పక్షం తెల్లారేలోగానే వాదులాట మొదలుపెట్టినవి. చావును ఎవరి ఖాతాలో రాయాలన్నదే అక్కడ ప్రశ్న అయింది. ఈ లెక్కల మధ్య ఒక సంగతి మరుగునపడింది. ఆ వేలమందిలో ఎక్కువమందికి ఆ మనిషి ముఖపరిచయం కూడా లేదు. అయినా ఎవరి గదిలో వారు తలుపేసుకోలేకపోయారు. గదుల్లో అణచిపెట్టుకున్న అందరి దుఃఖమూ ఆ రాత్రి వీధిని ఇల్లు చేసుకున్నది. మన పత్రికలు దానిని ఉద్రిక్తత అన్నవి.

విధవల సంగతి వేరే చెప్పాలా? పదోనాడు గాజులు పగలగొట్టి బొట్టు చెరిపి, శోకాన్ని శిక్షగా మార్చే పద్ధతి ఇంకా పోలేదు. కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ అనే గ్రామం 2022లో గ్రామసభ తీర్మానంతో ఈ ఆచారాన్ని నిషేధించింది. మహారాష్ట్ర ప్రభుత్వం మిగతా ఊళ్ళను కూడా అనుసరించమన్నది. వీరేశలింగం పంతులుగారు 1881లో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించిన తెలుగుదేశంలో అట్లాంటి తీర్మానాలు ఊరూరా ఎప్పుడో జరిగివుండవలసింది. తెలంగాణలో వితంతు పింఛనును 2019లో 2,016 రూపాయలకు పెంచారు. దానితో అశోక్ నగర్‌లో గది రాదు. వచ్చినా, మగదిక్కు లేని ఆడమనిషికి గది ఇవ్వడానికి యజమాని వెయ్యి ప్రశ్నలు వేస్తాడు.

ఇక మన రచయితల సంగతి. మన కథల్లో చావు వస్తుంది; శవం రాదు. పాత్ర చనిపోతుంది, తరవాతి పేరాలో మిగిలిన పాత్ర కిటికీలోంచి వాన చూస్తూ వుంటుంది. ఆ కిటికీ ఎవరిది? ఆ రాత్రి శవం ఎక్కడున్నది? యజమాని ఏమన్నాడు? అంబులెన్సుకు ఎవరిచ్చారు? మర్నాడు ఎవరు అన్నం పంపారు? మన కథకుడికి ఇవి వ్యవహారాలు. శోకం వీటికి పైన ఎక్కడో తేలుతున్నది. ప్రేంచంద్ అట్లా అనుకోలేదు. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించిన ఆయన, అంతకు కొద్ది నెలల ముందే 'కఫన్' కథలో కోడలి శవానికి గుడ్డ కొనమని ఊరిచ్చిన డబ్బుతో తండ్రీకొడుకులను తాగించాడు. ప్రసవవేదనలో మందుకు పైసా రాల్చని ఊరు శవవస్త్రానికి రూపాయలు ఇచ్చింది. శోకంలో ఆర్థికశాస్త్రం చూపించినందుకు ఆయనను క్రూరుడన్నవారున్నారు.

మన సంప్రదాయం పేరు చెప్పి శోకాన్ని మౌనం చేయాలని చూసేవారికి ఆ సంప్రదాయమే అడ్డం వస్తుంది. శోకంలోంచి శ్లోకం పుట్టిందని మురుసుకుంటాము గాని, వాల్మీకి నోట పుట్టిన ఆ మొదటి శ్లోకం నిట్టూర్పు కాదు, బోయవాడికి పెట్టిన శాపం. మహాభారతంలో స్త్రీపర్వం అని ఒక పర్వమంతా ఏడుపుకు కేటాయించారు. తిక్కన దానిని తెలుగు చేశాడు. అక్కడ గాంధారి కొడుకుల శవాలమధ్య నిలబడి విధిని నిందించి వూరుకోలేదు. ఆపగలిగివుండీ ఆపనివాడిని, కృష్ణుడిని, ఎదురుగా నిలబెట్టి అడిగింది. శోకించేవాడికి ప్రశ్నించే అధికారం వున్నదని ఆ పర్వం ఒప్పుకున్నది. ఓదార్చడమంటే ఏడుపు ఆపించడమే అని మనం ఎక్కడ నేర్చుకున్నామో తెలియదు.

కావలసినవి పెద్ద కోరికలు కావు. వార్డుకొక కమ్యూనిటీ హాలు వున్నచోట, పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ ఇచ్చే ఆ హాలును చావుకు కూడా ఇవ్వాలి. శవాన్ని వుంచడానికి ఒక చోటు, ఇంటివాళ్ళు పదిరోజులు కూర్చోవడానికి రెండు గదులు, వచ్చినవారికి నీళ్ళు. ఏ కులమని అడగరాదు. పనిచేసేచోట జీతంతో సెలవు వుండాలి. ఇవి మునిసిపాలిటీ చేయగలదు, శాసనసభ చేయగలదు. అంతవరకు కిరాయి కాగితం వున్నది. ఆ కాగితంలో గోడకు మేకులు కొట్టరాదని ఒక నిబంధన, కరెంటు బిల్లు వేరుగా కట్టాలని ఒక నిబంధన, రాత్రి పదింటికి గేటు వేస్తారని ఒక నిబంధన వుంటాయి. "ఈ పోర్షన్‌లో కాపురమున్నవారెవరైనా చనిపోయినచో శవమును ఇంటికి తెచ్చుటకును, దినములు జరుపుకొనుటకును యజమానికి అభ్యంతరము లేదు" అన్న ఒక్క వాక్యం దానికి కలపమని, అడ్వాన్సు చేతిలో పెట్టకముందే, అడిగి చూడండి. సంతకం చేసే యజమానులు ఎందరున్నారో, అడగగలిగిన అద్దెదారులు ఎందరున్నారో చిక్కడపల్లిలో ఒక్క వీధి తిరిగితే లెక్క తేలుతుంది.